నచ్చచెప్పేవారు - నమ్మబలికేవారు

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఎదుటివారి చేత ఒక పని చేయించుకోవాలంటే, బలవంతం మాట అటుంచితే, లోకంలో రెండు దారులున్నాయి. ఒకటి నచ్చచెప్పడం, రెండోది నమ్మబలకడం. పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. రెండింటికీ మాటలే పెట్టుబడి. నచ్చచెప్పేవారూ మన మేలు కోరే మాట్లాడుతున్నట్టుంటారు, నమ్మబలికేవారూ అలాగే ఉంటారు. నిజం చెప్పాలంటే నమ్మబలికేవారి మాటే కాస్త తియ్యగా కూడా ఉంటుంది.

మరి నాకు చాలాకాలంగా ఒక సందేహం. ఇంత చక్కగా మాట్లాడే నేర్పు, ఎదుటి మనిషి మనసు ఇట్టే కనిపెట్టే తెలివి ఉన్నవాడు, ఆ తెలివిని ఉన్నదున్నట్టు చెప్పి ఒప్పించడానికి ఎందుకు వాడుకోడు? దొంగదారే ఎందుకు పడతాడు? "వాడి బుద్ధే అంత" అని మనం ఒక్క మాటలో తేల్చేస్తుంటాం. కాని ఆ జవాబు వల్ల మనకు ఒరిగేదేం లేదు. బుద్ధి అనేది మొహం మీద రాసి ఉండదు కదా! ఎందుకు అలా చేస్తాడో తెలిస్తే, చేస్తున్నప్పుడే పసిగట్టవచ్చు. ఇవాళ ఆ సంగతే మీతో నాలుగు మాటలు చెప్పుకుందామని.

ముందు మనందరం చిన్నప్పుడు విన్న కథ తీసుకుందాం. పరవస్తు చిన్నయసూరిగారు 1853లో అచ్చువేయించిన నీతిచంద్రికలో మిత్రభేదం ఉంది. పింగళకుడనే సింహానికీ, సంజీవకుడనే ఎద్దుకూ మంచి స్నేహం కుదిరింది. ఆ స్నేహం కుదిర్చినది దమనకుడనే నక్కే. తీరా స్నేహం ముదిరాక దమనకుడికి రాజుగారి దగ్గర పలుకుబడి తగ్గింది, తిండికీ కరువొచ్చింది. అప్పుడేం చేసింది? సింహం దగ్గరికి ఒంటరిగా వెళ్ళి, ఎద్దు నీ మీదికి వస్తుందని చెప్పింది. ఎద్దు దగ్గరికి ఒంటరిగా వెళ్ళి, సింహం నిన్ను చంపబోతుందని చెప్పింది. ఇద్దరూ పోట్లాడుకున్నారు. పాపం ఎద్దు చచ్చిపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. దమనకుడు నిజం చెప్పి రాజును ఒప్పించదలుచుకుంటే ఏమని చెప్పాలి? "మహారాజా, ఈ ఎద్దు వచ్చాక నాకు తిండి తగ్గింది, దర్జా తగ్గింది, కనుక దీన్ని చంపండి" అనాలి. ఆ మాట నోటితో అనగలదా? అంటే సింహం నవ్విపోదూ! అసలు కారణం బయటపెడితే పని జరగదు. కాబట్టి ఆ కారణాన్ని లోపల దాచి, రాజుకు పనికొచ్చే కారణం ఒకటి బయట అల్లింది. నమ్మబలకడానికి మొదటి కారణం ఇదే. నిజం చెప్పడం రాక కాదు, చెప్పదగిన నిజం వాడి దగ్గర లేక.

నేనీ కథను ఒక కొలతబద్దలా పెట్టుకున్నాను. ఎవరైనా వచ్చి మరీ ఇదిగా చెబుతుంటే, ఈ మనిషి తన అసలు కారణాన్ని ఒక్క వాక్యంలో చెప్పవలసివస్తే ఏమని చెబుతాడు అని మనసులో అనుకుంటాను. ఆ వాక్యం విన్నాక కూడా నేను ఒప్పుకుంటానంటే సరే. ఆ వాక్యం పైకి అనరానిదైతే జాగ్రత్త పడవలసిందే.

ఇక నమ్మబలకడంలో మన తెలుగువాళ్ళకు గిరీశాన్ని మించినవాడు లేడు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. ఇప్పుడు మనం చదువుకునేది ఆయన 1909లో తిరగరాసి పెంచినది. పుస్తకం చదవనివారు 1955లో వచ్చిన సినిమా అయినా చూసే ఉంటారు. అందులో రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి.

గిరీశానికి ఇంగ్లీషు వచ్చు, లోకజ్ఞానం ఉంది, సరసంగా మాట్లాడతాడు. కాని విజయనగరంలో అతని మాటకు విలువ లేదు. పూటకూళ్ళమ్మ డబ్బు కాజేశాడు, ఊరినిండా అప్పులు. ఆ ఊళ్ళో ఇక ఎవరికీ నచ్చచెప్పలేడు. ఎందుకంటే నచ్చచెప్పాలంటే మాట వెనక పరపతి ఉండాలి. "ఇదివరకు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు" అన్న పేరు ఉండాలి. దుకాణంలో ఖాతా బాకీ పడ్డవాడికి కొత్తగా అరువు పుడుతుందా? ఇదీ అలాగే. అందుకే శిష్యుడు వెంకటేశం వెంట కృష్ణరాయపురం అగ్రహారానికి, తన ఖాతా తెలియని ఇంటికి వెళ్ళాడు. అపనమ్మకస్థులు ఊళ్ళు మారుస్తుంటారు, స్నేహాలు మారుస్తుంటారు. పాతచోట పలుకు చెల్లకనే కొత్తచోటు వెతుక్కుంటారు.

ఆ ఇంట్లో ఎవరి దగ్గర ఏ పాచిక పారుతుందో చూడండి. ఇంటాయన అగ్నిహోత్రావధానులుకు దావాల పిచ్చి. ఆయన దగ్గర దావాల మాటలు. తల్లికి కొడుకు ఇంగ్లీషు చదువు మీద ఆశ. ఆమె దగ్గర చదువు కబుర్లు. పెద్దకూతురు బుచ్చమ్మ చిన్నతనంలోనే వితంతువైన అమాయకురాలు. ఆమె వినేటట్టు వితంతు వివాహాల గురించి ఉపన్యాసాలు. పైగా ఆ పిల్లకు చెల్లెలు సుబ్బి మీద ప్రాణం. సుబ్బిని ముసలి లుబ్ధావధానులుకు కట్టబెట్టబోతున్నారని కుమిలిపోతుంటుంది. గిరీశం ఆ ప్రేమనే పట్టుకున్నాడు. నువ్వు నాతో వస్తే నీ చెల్లెలి పెళ్ళి తప్పిపోతుందన్నట్టు ఆమె మనసులో నాటాడు. ఇంతకంటే నేర్పు ఉంటుందా? మనలోని చెడును పట్టుకుని ఆడించేవాడి కంటే మనలోని మంచిని పట్టుకుని ఆడించేవాడే ప్రమాదం.

మీరు అనవచ్చు, వితంతు వివాహం మంచిదే కదా, గిరీశం చెప్పింది తప్పేముంది అని. నిజమే, చెప్పిన సంగతి మంచిదే! అందుకే ఇక్కడ ఇంకొక పెద్దమనిషిని పక్కన నిలబెట్టి చూడాలి. ఆయన కందుకూరి వీరేశలింగం పంతులుగారు. సరిగ్గా ఇదే మాట ఆయనా చెప్పారు. కాని ఎలా చెప్పారు? 1879లో రాజమహేంద్రవరంలో పదిమందిలో నిలబడి ఉపన్యాసాలిచ్చారు. శాస్త్రాలు చూపించి వాదించారు. కాదన్న పండితులకు జవాబులు చెప్పారు, రాసి అచ్చువేశారు. కావలసినవారు తప్పుపట్టవచ్చునని తన మాటను అందరి ముందూ పరిచారు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు.

దానికి ఆయన పడ్డ ఖరీదు మాటేమిటి? బంధువులు దూరమయ్యారు, వెలివేశారు. వంటవారూ నీళ్ళు మోసేవారూ రావడం మానేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరి నీళ్ళు మోసుకొచ్చి, పెళ్ళివారికి వండి పెట్టారు. ఆ బిందె బరువు మనలాంటి ఇల్లాళ్ళకే తెలుస్తుంది!

ఇద్దరూ ఒకటే మాట చెప్పారు. పంతులుగారి మాటకు అయిన ఖర్చు పంతులుగారి ఇల్లే భరించింది. గిరీశం మాటకు అయ్యే ఖర్చు ఎవరు భరించాలి? బుచ్చమ్మ! అర్ధరాత్రి ఇల్లు విడిచి వచ్చేది ఆమె, పరువు పోయేది ఆమెకు, పుట్టింటి తలుపు మూసుకుపోయేది ఆమెకు. గిరీశానికి పోయేదేం లేదు. నచ్చచెప్పడం ఎందుకు కష్టమో, నమ్మబలకడం ఎందుకు సులువో ఇక్కడ తేటగా కనిపిస్తుంది. నచ్చచెప్పేవాడు తానూ కొంత నష్టానికి సిద్ధపడాలి, ప్రశ్నలకు జవాబులు చెప్పాలి, పదిమంది ముందు నిలబడాలి, ఎదుటివారు తేల్చుకునేదాకా ఓపిక పట్టాలి. ఆఖరుకు "వద్దండీ" అంటే తల వంచుకుని వెళ్ళిపోవాలి. నమ్మబలికేవాడికి ఈ బాధలేవీ లేవు.

ఆ "వద్దు" అన్న మాటే అసలు కీలకం. బుచ్చమ్మకు వద్దనే అవకాశం గిరీశం ఇవ్వలేదు. తన పాత కథంతా చెప్పి, "ఇదీ నేను, ఆలోచించుకో" అంటే ఆమె వద్దంటుందేమో! ఆ భయం చేతనే చెప్పలేదు. నాటకం చివర సౌజన్యారావు పంతులుగారి ముందు గిరీశం పాత సంగతులు బయటపడ్డాక, బుచ్చమ్మను పూనాలోని వితంతువుల ఆశ్రమానికి పంపి చదివించాలని ఆయన నిర్ణయిస్తారు. అంటే ఏమిటి? చదువుకుని, లోకం తెలుసుకుని, అప్పుడు ఆమే తేల్చుకుంటుంది. గిరీశం లాక్కున్న హక్కును ఆయన ఆమెకు తిరిగి ఇప్పించారన్నమాట.

అదే నాటకంలో ఇంకొకరున్నారు, కరటకశాస్త్రి. సుబ్బికి మేనమామ. పాపం ఆయనది మంచి ఉద్దేశమే. ముసలి సంబంధం వద్దని మొదట బావకు చెప్పి చూశాడు. వినలేదు. అప్పుడు శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధానులుకు పెళ్ళి చేశాడు. సుబ్బి బతికిపోయింది, చూసేవాళ్ళం మనమూ నవ్వుకుంటాం. కాని ఆ మాయపెళ్ళికూతురు మాయమైపోయేసరికి లుబ్ధావధానులు మీద ఖూనీ కేసు పడింది! మంచికోసం ఆడిన నాటకం కూడా ఎవరి మెడకు చుట్టుకుంటుందో చెప్పలేం. కరటకశాస్త్రినీ గిరీశాన్నీ ఒక గాట కట్టను. అయినా నిజం చెప్పి ఓడిపోయిన మంచివాడికి సైతం మాయ ఎంత దగ్గర దారిగా కనిపిస్తుందో చూశారా!

ఇక కథలు వదిలి మన ఊళ్ళకు వద్దాం. మాది ఎడపల్లి. నిజామాబాదుకూ బోధనుకూ నడుమ ఊరు. 1937లో పెట్టిన బోధన్ షుగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ ఈ దారంతా చెరకు బండ్ల వరుసే. 2015లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు తూచే కాటా దగ్గర రైతులు ముల్లు వంక కళ్ళార్పకుండా చూసేవారు. నిజాయితీ ఉన్నవాడు "అనుమానముంటే ఇంకో కాటా మీద తూచుకో" అంటాడు. లేనివాడు "నా మీద నమ్మకం లేదా" అని నొచ్చుకుంటాడు. నచ్చచెప్పేవాడికీ నమ్మబలికేవాడికీ తేడా ఆ రెండు మాటల్లోనే ఉంది.

మన జిల్లాలో గల్ఫుకు మనిషిని పంపని ఊరు లేదంటే అతిశయోక్తి కాదు. దుబాయి, మస్కట్, కువైట్ అనేవి మనకు పక్క తాలూకాల పేర్లలా అయిపోయాయి. నిజాయితీగా పంపే ఏజెంట్లు లేకపోలేదు. కాని గిరీశం తమ్ముళ్ళు కూడా ఉన్నారు. అలాంటివాడు ఇంటికి వచ్చి మగవాళ్ళతో కంటే ముందు ఇంటి ఆడవాళ్ళతోనే మాట కలుపుతాడు. "అక్కా, నీ కొడుకు నా తమ్ముని లెక్క. ఈ వీసా నీ కోసమే ఆపిన. రేపటికల్ల పైసలు కట్టకుంటె ఇంకొకనికి పోతది. ఊర్ల ఎవ్వరికి చెప్పకు, దిష్టి తగుల్తది" అంటాడు. ఆ తల్లి పుస్తెలతాడు కుదువ పెడుతుంది, చాలకపోతే నూటికి రెండో మూడో వడ్డీకి తెస్తుంది.

ఈ మనిషి అసలు వాక్యం ఏమిటో మన కొలతబద్దతో చూద్దామా? "అక్కా, ఇది విజిట్ వీసా. దీని మీద పని చేయడం అక్కడి చట్టానికి విరుద్ధం. పని దొరకవచ్చు, దొరకకపోవచ్చు. గడువు దాటి పట్టుబడితే జరిమానా, జైలు. నా డబ్బు మాత్రం నాకు ముందే ఇయ్యాలె." ఇలా చెబితే ఏ తల్లయినా పుస్తెలు తీసి ఇస్తుందా? ఆజాద్ వీసా అని ముద్దుపేరు పెట్టి అమ్మేదీ అంతే. కాగితం మీద ఒక యజమాని ఉంటాడు, పని ఇంకొకరి దగ్గర, పట్టుబడితే నేరం కూలివాడిది. 2018లోనూ, 2024లోనూ యూఏఈ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించి, సరైన కాగితాలు లేనివారు జరిమానా లేకుండా స్వదేశం వెళ్ళిపోవచ్చునంది. అలా బయటపడినవారిలో మన తెలంగాణవారూ ఉన్నారు. అక్కడ ఖర్చు భరించినవాడు కొడుకు, ఇక్కడ వడ్డీ కట్టినది తల్లి. మాట చెప్పినవాడికి మాత్రం చుక్క చెమట పట్టలేదు.

అందుకని అక్కచెల్లెళ్ళకు నా మనవి ఏమిటంటే, ఎవరినీ నమ్మవద్దని కాదు. అడగవలసినది అడగమని. విదేశాలకు పనికి పంపే ఏజెంటుకు 1983 నాటి వలసల చట్టం కింద ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగండి. ఇ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ పేరు ఉందో లేదో ఇంట్లో చదువుకునే పిల్లల చేత చూపించండి. వీసా ఏ రకమో, జీతమెంతో, యజమాని ఎవరో కాగితం మీద చూపించమనండి. కట్టిన డబ్బుకు రసీదు అడగండి. రాష్ట్రప్రభుత్వానిదే టామ్‌కామ్ అనే సంస్థ కూడా విదేశీ ఉద్యోగాల కోసం ఉంది, అక్కడా విచారించండి. ఇవన్నీ అడిగినప్పుడు నిజమైనవాడు జవాబు చెబుతాడు. కాని వాడికి కోపమొస్తుంది. ఆ కోపమే మీకు జవాబు.

నమ్మబలికేవారు అందరూ పెద్ద మోసగాళ్ళే అనుకోనక్కరలేదు. కొందరికి లోకం మీద నమ్మకం ఉండదు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు కదా. తాను ఎవరికీ నిజం చెప్పనివాడు, తనకూ ఎవరూ నిజం చెప్పరనుకుంటాడు. ఉన్నమాట చెబితే ఎవరు వింటారు, ఎదుటివారికి అంత ఇంగితం ఎక్కడుంది అనుకుంటాడు. నచ్చచెప్పాలంటే ముందు ఎదుటి మనిషికీ ఆలోచన ఉందని ఒప్పుకోవాలి. వాడికి ఆ గౌరవమే ఉండదు. బుచ్చమ్మ గిరీశం కంటికి ఆలోచన ఉన్న మనిషిగా కనబడిందా? లేదు. చేతికందిన పండులా కనబడింది.

ఇంతకీ ఈ విద్య ఇంటి గడప అవతలే ఉంటుందనుకుంటే పొరపాటు. అత్త దగ్గర కోడలి మాట, కోడలి దగ్గర అత్త మాట చెప్పి, "నేను చెప్పానని అనకు వదినా, నీ మేలుకోరి చెప్పిన" అంటూ వెళ్ళే ఇరుగుపొరుగువారు లేరూ? అది అచ్చంగా దమనకుడి పద్ధతే. సింహం, ఎద్దు ఒక్కసారి ఎదురెదురుగా కూర్చుని, "నన్ను చంపుతానన్నావటగా?" అని అడిగి ఉంటే కథ అక్కడితో ఆగిపోయేది. అందుకే అలాంటి మాట విన్నప్పుడు, "సరే, అత్తమ్మను పిలుస్తాను, ఆమె ముందే చెప్పు" అనడం అలవాటు చేసుకోవాలి. ఒకటి రెండుసార్లు అలా అంటే మూడోసారి ఆ మాట మీ గడప తొక్కదు.

పెళ్ళి సంబంధాల్లో ఇంకా జాగ్రత్త కావాలి. మధ్యవర్తి అబ్బాయి జీతం పెంచి చెబుతాడు, అలవాట్లు దాస్తాడు. అది మనకు తెలిసిందే. కాని అమ్మాయి సందేహిస్తుంటే, తల్లిగా మనం ఏం చేస్తాం? "నాన్నకు అసలే ఒంట్లో బాగుండలేదు, నువ్వు కాదంటే ఆయన తట్టుకోలేరు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాం. లేదా తెలిసిన ఒక లోపాన్ని చెప్పకుండా దాటవేస్తాం. మన ఉద్దేశం మంచిదే కావచ్చు. కరటకశాస్త్రి ఉద్దేశమూ మంచిదే! కాని ఆ కాపురం చేసేది అమ్మాయి. ఖర్చు ఆమెది అయినప్పుడు లెక్క ఆమెకు చూపించవద్దూ? అబ్బాయి మంచి చెప్పండి, తెలిసిన చెడ్డా చెప్పండి, మీకెందుకు నచ్చాడో చెప్పండి. నాలుగు రోజులు ఆగండి. వద్దంటే ఆ మాటకు ఇంట్లో చోటుండనివ్వండి. అలా పెరిగిన పిల్లకు బయట గిరీశం ఎదురైతే, తనకు వద్దనే అవకాశం ఇవ్వకుండా మాట్లాడుతున్నాడే అని చటుక్కున అనుమానం వస్తుంది. ఇంట్లో ఎన్నడూ నచ్చచెప్పించుకోని పిల్లకు నమ్మబలకడం ఏదో ఎలా తెలుస్తుంది?

పసిపిల్లకు చందమామను చూపించి ముద్ద పెట్టడం కూడా మాయేనా అని మీరు నవ్వుతారేమో. కాదమ్మా! ఆ ముద్ద బిడ్డ కడుపులోకే పోతుంది. మీ మాట వల్ల ఎవరి కడుపు నిండుతుందో చూసుకుంటే చాలు, తేడా దానంతటదే తెలుస్తుంది.

ఇకముందు ఎవరైనా మీ గుమ్మంలో నిలబడి, ఇవాళే తేల్చాలని, ఎవరికీ చెప్పవద్దని, అంతా మీ మేలుకోసమేనని ఒక్క గుక్కలో అంటే తొందరపడకండి. "కూర్చోండి, మంచినీళ్ళు తాగండి, మావారూ అత్తగారూ వచ్చాక అందరి ముందూ చెప్పండి, రెండు రోజులు ఆలోచించుకుని కబురు చేస్తాం" అనండి. మంచి మాటకు రెండు రోజుల్లో మెరుగు తగ్గదు. నిజంగా నచ్చచెప్పడానికి వచ్చినవారు మళ్ళీ వస్తారు.